ఖాళీ కాటా

చీటీ రాసేది పానకాలు. సంతకం పెట్టేది ఉస్తాద్ కరీముల్లా. నాలుగేళ్ళుగా పానకాలు బాధంతా ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉంది.

పాత గుంటూరులో ఒక సందులో ఉస్తాద్‌కి చిన్న కొట్టు ఉండేది. ఒకప్పుడు జట్కా చక్రాలు చేసిన చేతులు ఆయనవి. జట్కాలు పోయాక, పాత చెక్క సామాను చూసి అది ఏమిటో, ఎంత చేస్తుందో చెప్పడం మొదలుపెట్టారు. పందిరిమంచమో, భోషాణమో ఎవరైనా తెస్తే చూసి, ఒక చీటీ మీద రాయించి ఇచ్చేవారు. ఆ చీటీ ఉంటే హైదరాబాదులో కూడా బేరమాడేవాళ్ళు కాదు. గురువారాల్లో వస్తువేదీ లేకుండానే కొందరు వచ్చి ఆయన ఎదుట ఊరికే కూర్చుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి మాత్రం ఆయన ధర చెప్పేవారు కాదు.

పానకాలుది సొంత చదువు. పదో తరగతిని రెండుసార్లు ప్రయత్నించి, అది తన స్థాయికి తగదని వదిలేశాడు. ఆదివారం రోడ్డు పక్కన కిలోల లెక్కన అమ్మే ఇంగ్లీషు వేలంపాటల పుస్తకాలు కొని, పక్కన డిక్షనరీ పెట్టుకుని పదకొండేళ్ళు చదివాడు. ఆ చదువు బలంతో ఒకసారి రైల్వే వెయిటింగు రూము ఉమ్మితొట్టెను నవాబుల కాలం పూలకుండీగా గుర్తుపట్టి, ఇంట్లో నెలరోజులు గులాబీలు పెట్టుకున్నాడు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఎందుకంటే చెప్పింది అతనే. తనని తాను ముందే వెక్కిరించుకుంటే ఎదుటివాడికి ఆ పని మిగలదని అతని లెక్క.

"ఉస్తాద్, నా దస్తూరీ బాగానే ఉంటుంది కదా?" అని అడిగేవాడు అప్పుడప్పుడు.

"బాగుంటుంది."

"ఈ మధ్య ధరలు కూడా తప్పడం లేదు కదా?"

"లేదు."

"మరి సంతకం?"

"ఇంకా కాదు," అని ఆయన టీ తాగేవారు. ఆ టీ ఎప్పటికీ అయిపోయేది కాదు.

సంతకం అయితే పానకాలు దగ్గర సిద్ధంగానే ఉంది. చివర్లో నెమలి తోకలాగా సాగి, మళ్ళీ వెనక్కి తిరిగి తన పేరుని తానే కావలించుకునే సంతకం. పాత కాగితాల మీద రోజూ నాలుగుసార్లు సాధన చేసేవాడు.

ఆ కొట్టుకి రెండు నియమాలుండేవి. వచ్చిన వస్తువును ఒక రోజంతా ముట్టుకోకూడదు, ఎదురుగా ఊరికే కూర్చోవాలి. ఊడ్చిన చెత్తని శనివారం దాకా పారేయకూడదు, అందులో ఏ మేకు ముక్కో ఉండొచ్చు. రెండోది పానకాలుకి అర్థమయ్యేది. మొదటిది పెద్దాయనకి చూపు మందగించినందువల్ల పుట్టిన నియమం అనుకునేవాడు. తనకి ఆ ఇబ్బంది లేదు. వస్తువు గుమ్మం దాటేలోపే ధర తెలిసిపోతుంది.

ఒక బుధవారం మధ్యాహ్నం గుమ్మం ముందు గూడ్సు ఆటో ఆగింది. అందులోంచి ఏభై అయిదేళ్ళావిడ దిగింది. గోనెపట్టాల్లో, పాతచీరల్లో చుట్టిన మనిషికంటే పొడుగు వస్తువొకటి దింపించింది. పేరు సువార్తమ్మ. మార్కాపురం అవతల బోడికొండపాలెం.

చుట్టలు విప్పాక, నల్లగా, చివరలకి సన్నబడిన పొడుగాటి కొయ్య బయటపడింది. మధ్యలో లావు. లావులో పెద్ద రంధ్రం ఒకటి, దాని చుట్టూ చిన్న రంధ్రాలు ఎనిమిది. రెండు రెక్కలూ చెరోవైపు మెలితిరిగి ఉన్నాయి.

"ఇదేందో, ఎంత చేస్తదో చెప్పండి సాయిబు గారూ," అంది ఆవిడ. "మా ఊళ్ళో పొయ్యిలోకి నూటయాభై ఇస్తామన్నారు. హోటలాయనొకడొచ్చి, నడిమధ్యన గడియారం పెట్టుకుంటా, మూడువేలు తీసుకోమన్నాడు."

ఉస్తాద్ ఆ కొయ్య వైపు చూడలేదు. ఆవిడ వైపు చూశారు. "ఇది మీ ఇంట్లో ఏం పని చేసిందమ్మా?"

"కాటా కోల అయ్యా. యుద్ధమప్పుడు మా ఊరి బీడు నేలలో ఇమానాలు దిగేయంట. ఆ ఇమానాలోళ్ళు పోతా పోతా పారేసిన సామాన్లో మా మావకి ఇది దొరికింది. పైచిల్లులో కొక్కెం ఏసి దూలానికి ఏలాడదీశాడు. రెండు కొసలకీ తాళ్ళు, తాళ్ళకి తట్టలు. ఊళ్ళో చింతపండు, మిరపకాయ, అంతా దీనిమీదే తూగింది. మావ తర్వాత మా ఆయన తూచాడు. ఆయన పోయినాక నేను."

"తేడా వచ్చేదా?"

"తేడానా?" ఆవిడకి కొంచెం కోపం వచ్చింది. "పొద్దున్నే మొదటి బస్తా ఎత్తకముందు ఖాళీ కాటా చూపియ్యాల. పండిచ్చినోళ్ళు, కొనేవోళ్ళు, అంతా నిలబడి చూడాల. కోల ఒరక్కుండా నిలబడితే ఊరోళ్ళు 'ఎత్తండి' అంటారు. అప్పుడే తూకం. ఒకపక్క నూనె రాస్తే రెండోపక్కా అంతే రాసేవోళ్ళం. ఒకనాడు మా ఆయన తొందరపడి ఖాళీ చూపియ్యకుండా మొదలెడితే, మావ తూచిన బస్తాలన్నీ కింద పోయిచ్చి మళ్ళీ తూపిచ్చాడు."

"మరి అమ్మడం ఎందుకు?"

"ముద్రేసిన కరెంటు కాటా లేకపోతే వచ్చే పంటకి నన్ను పిలవరంట. పాతిక వేలు. నాకు తూచడం తప్ప ఇంకో పని రాదు సాయిబు గారూ."

ఈ మాటలు జరుగుతున్నంతసేపూ పానకాలు రంధ్రాలు లెక్కపెడుతున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"అక్కా, ఇది కాటా కాదు. విమానం ముందు తిరిగే పంకా. ప్రొపెల్లర్ అంటారు."

సువార్తమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "అట్నా తమ్ముడూ? అయితే ఆ ఇమానానికి కబురుపెట్టు, మేం దానిమీద మూడు తరాలు తిన్నామని."

ఉస్తాద్ నవ్వలేదు కానీ గడ్డం మీద చెయ్యి వేసుకున్నారు. ఆయనకి మర్నాడు తెనాలిలో మేనకోడలి పెళ్ళి. "శుక్రవారం నమాజు అయ్యాక వస్తానమ్మా. అందాకా ఇక్కడే ఉండనీ," అన్నారు. ఆవిడ గుంటూరులోనే నల్లచెరువులో ఉన్న చెల్లెలింటికి వెళ్ళింది. ఉస్తాద్ చెప్పులేసుకుంటూ పానకాలుతో ఒక్కటే మాట అన్నారు. "ముట్టుకోకు."

గురువారం పొద్దున పానకాలు ఆ కోల ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అరగంట కూర్చున్నాడు. అరగంట తపస్సు చేసినవాడికి ఆ మాత్రం వరం ఉండాలి కదా అని, తడిగుడ్డతో మధ్యభాగం తుడిచాడు. గుడ్డతో తుడవడం ముట్టుకోవడం కిందికి రాదు. ముట్టుకున్నది గుడ్డ.

నల్లటి పొర కింద అక్షరాలు, అంకెలు కనిపించాయి. కొయ్యలోకి గుద్దిన ముద్రలు. పుస్తకాలు తీశాడు. ఒక ముద్ర ఇంజను పేరు. ఒకటి పంకా పొడుగు. ఒకటి అది ఒక్క చుట్టు తిరిగితే ముందుకి ఎంత దూరం పోతుందో చెప్పే కొలత. టేపు పెట్టి కొలిచాడు, పొడుగు సరిపోయింది. అంచుల్లో చూశాడు, కొయ్య పొరలు పొరలుగా అతికించి ఉంది. కొసలకి ఇత్తడి తొడుగు, దానికి చిన్న చిన్న మేకులు. హోటల్ గోడల కోసం చేసే దొంగ పంకాలకి ఇవేవీ ఉండవు. వాటికి మెలి కూడా ఉండదు. గాలిని కొయ్యాల్సిన పని వాటికి లేదు, గోడ మీద పెచ్చులూడిన చోటు కప్పితే చాలు.

ఇది అసలుది. యుద్ధకాలంలో కుర్రాళ్ళకి విమానం నేర్పే బండిది. పానకాలు తన జీవితంలో మొదటిసారి ఒక వస్తువుని మొదటిసారే సరిగ్గా గుర్తుపట్టాడు. అతనికి అలవాటు లేని పని కావడంతో, అక్కడ ఆగాలని తెలియలేదు.

పుస్తకంలో ఇలాంటి పంకా బొమ్మే ఉంది. తేనెరంగులో అద్దంలా మెరుస్తోంది. పక్కన ధర. ధర పక్కన సున్నాలు. ఆ మెరుపుకీ ఈ నలుపుకీ మధ్య అడ్డుగా ఉన్నది కొంచెం మురికి, అది పోవడానికి కావలసింది ఒక గాజుపెంకు, రెండు గరుకు కాగితాలు. ఒక రెక్క మెరిపించి ఒక రెక్క అలాగే ఉంచితే తేడా ఉస్తాద్‌కి తెలుస్తుంది. ఆవిడకి కాటా మిషను వస్తుంది. తనకి సంతకం వస్తుంది. ఎటు చూసినా పుణ్యమే.

రెండు గంటలు గీకాడు. కొస దగ్గర తాడు ఒరిసి ఒరిసి పడిన గాడి ఒకటి కంటికి అసహ్యంగా కనిపిస్తే, ఆకురాయి పెట్టి అదీ చదును చేశాడు. రాలిన పొడిని, రెండో నియమం ప్రకారం, న్యూస్‌పేపర్లో జాగ్రత్తగా పొట్లం కట్టాడు. నియమాలంటే అతనికి గౌరవం.

శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ వచ్చారు. వెనకాలే సువార్తమ్మ వచ్చింది. పానకాలు గుమ్మంలోనే ఎదురెళ్ళాడు.

"ఉస్తాద్, ఈసారి ఉమ్మితొట్టె కాదు! ముద్రలు దొరికాయి. పుస్తకంలో ఉంది. నాలాంటి బడుద్ధాయి కూడా..."

ఉస్తాద్ ఆ మెరిసే రెక్కని చూశారు.

"రాలిన పొడి ఏది?"

"పొట్లం కట్టానండి."

"నున్నటి ఇనపచువ్వ ఒకటి తే. రెండు స్టూళ్ళు వెయ్యి."

పంకా మధ్యనున్న పెద్ద రంధ్రంలోంచి చువ్వ దూర్చి, చువ్వ రెండు కొసలూ చెరో స్టూలు మీద ఆనించారు. రెక్కలు నేలకి సమంగా ఉండేట్టు పట్టుకుని, రెండు చేతులూ వదిలేశారు.

నల్లటి రెక్క మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు. ఎవరి మనసూ నొప్పించకూడదన్నట్టు, నింపాదిగా దిగి నేల వైపు చూస్తూ ఆగిపోయింది. మెరిసే రెక్క పైకప్పు వైపు చూస్తోంది.

"అయ్యో, ఇదేంది?" అంది సువార్తమ్మ. "మా కోల ఎన్నడూ ఒరగలా."

"నా చెయ్యి తగిలితే తిరునాళ్ళ రథమైనా ఒరుగుతుంది అక్కా," అన్నాడు పానకాలు. ఎవరూ నవ్వలేదు. అది మంచి మాటే, ఇంకో రోజయితే పనికొచ్చేది.

ఉస్తాద్ పొట్లానికి దారం కట్టారు. మెరిసే రెక్కకి వేలాడదీసి, అంగుళం అంగుళం జరుపుతూ పోయారు. ఒకచోట ఆపి, మళ్ళీ చేతులు వదిలేశారు.

కోల నిలబడింది.

"దీన్ని గీకడానికి నీకెంతసేపు పట్టింది?" అన్నారు ఉస్తాద్.

"రెండు గంటలు."

ఆయన తల ఊపారు, ఎవరో బస్సు టైము చెబితే విన్నట్టు. లోపలికి వెళ్ళి టీ పెట్టుకున్నారు. సువార్తమ్మ కోల వైపు చూస్తూ కూర్చుంది. ఎత్తండి అనలేదు.

శనివారం హైదరాబాదు నుంచి జయసింహ గారొచ్చారు. పాత విమానాల ముక్కలు పోగుచేయడం ఆయన పిచ్చి. సువార్తమ్మ వచ్చిన రోజే ఉస్తాద్ ఆయనకి ఫోను చేయించారు. కోల ఇంకా స్టూళ్ళ మీదే ఉంది, పొట్లంతో సహా. ఆయన ముద్రలు చదివారు. నల్లటి రెక్క మీద గుడ్డివాడిలా చెయ్యి వేసి తడిమారు, తాడు గాడిలో వేలు పెట్టి కాసేపు ఉంచారు. చెయ్యి అటునుంచి ఇటు వచ్చి, మెరిసే చోట ఆగి, వెనక్కి వచ్చేసింది.

"ఇదెవరు చేశారు?"

సువార్తమ్మ గుమ్మం పక్కన కూర్చుని ఉంది. ఊళ్ళో ఎవరో చేశారండీ అని పానకాలు అంటే చాలు. పల్లెటూరి వాళ్ళు ఇలాంటివి చేస్తూనే ఉంటారు, ఎవరూ కాదనరు. ఉస్తాద్ టీ గ్లాసులోకి చూస్తున్నారు.

"ఆ పొట్లంలో ఉన్నది నా పదకొండేళ్ళ చదువండి," అన్నాడు పానకాలు. "గీకితే అంతే వచ్చింది."

జయసింహ గారు నవ్వారు. మాట పేలింది. ఇంకొక్కటి వేస్తే సంగతి దాటిపోయేట్టే ఉంది. పానకాలు ఇంకో మాట కోసం వెతికాడు. ఎప్పుడూ పిలవకుండానే వచ్చేవి, ఒక్కటీ రాలేదు. ఎదురుగా కోల నిలబడి ఉంది.

"నేనే గీకానండి," అన్నాడు. "ముట్టుకోవద్దని చెప్పారు. గీకాను. ఆ వైపు తాడు గాడి కూడా నేనే అరగదీశాను."

జయసింహ గారి నవ్వు ఆగింది. "ఆ నలుపేనయ్యా నాకు కావలసింది," అన్నారు నెమ్మదిగా. తర్వాత ఉస్తాద్ వైపు తిరిగారు. "ఎంత చేస్తుందంటారు?"

ఉస్తాద్ పానకాలు వైపు చూశారు. నాలుగేళ్ళలో ఎవరైనా ధర అడిగినప్పుడు ఆ చూపు ఎన్నడూ అటు రాలేదు.

పానకాలు నాలుక చివర సున్నాలు సిద్ధంగా ఉన్నాయి. అతను పొట్లం వైపు చూశాడు.

"ముట్టుకోకుండా ఉంటే అరవై వేలండి. ఇప్పుడు ముప్పై అయిదు."

"నా లెక్కా అంతే," అన్నారు జయసింహ గారు. "ఆ పొట్లం కూడా ఇవ్వండి. చీటీ మాత్రం ఉన్నదున్నట్టు రాయండి."

సువార్తమ్మ వేళ్ళు ముడిచి లెక్కవేసుకుంది. "మిషను వస్తది. దారిఖర్చులూ వస్తాయి." అని పానకాలు వైపు తిరిగింది. "నీ గీకుడు ఖరీదు పాతిక వేలన్నమాట తమ్ముడూ. అదీ ఉంటే ఇంటిమీదికి రేకులు ఏయిచ్చుకుందును."

ఆ గొంతులో కోపం లేదు. బస్తా తూకం చెప్పినట్టు చెప్పింది. తిట్టి ఉంటే పానకాలుకి తేలిగ్గా ఉండేది.

అతను కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. వస్తువు, కొయ్య, పొడుగు, ముద్రలు. ఎక్కడ దొరికిందో, ఎవరి ఇంట్లో ఏం పని చేసిందో. ఆ సంగతులు రాస్తుంటే, బుధవారం ఆవిడ చెప్పినవన్నీ తాను విననే లేదని తెలిసి, మధ్యలో రెండుసార్లు ఆగి ఆవిడనే అడిగి రాశాడు. ధర రాశాడు. కాగితం ఉస్తాద్ వైపు జరిపాడు.

ఉస్తాద్ చదివి, కాగితం వెనక్కి జరిపారు.

పానకాలు కాసేపు ఊరికే కూర్చున్నాడు. కింద ఇంకో ముక్క రాశాడు. 'ఒక రెక్క మీది పాత పూత, తాడు గాడి ఇప్పుడు లేవు. గీకినది పానకాలు.' మళ్ళీ జరిపాడు.

ఉస్తాద్ చదివారు. జేబులోంచి తన పెన్ను తీసి, కాగితం మీద పెట్టి, రెండూ కలిపి వెనక్కి జరిపారు.

అది ఎందుకో పానకాలుకి వెంటనే తెలియలేదు. తెలిశాక పెన్ను తీసుకున్నాడు. నెమలి తోక సంతకం గుర్తొచ్చింది, కానీ దానికి కాగితం మీద చోటు లేదు. గీకినది పానకాలు అన్న ముక్క కింద, విలువ కట్టినది పానకాలు అని, పలక మీద పేరు రాసుకున్నట్టు చిన్న అక్షరాలతో రాశాడు.

జయసింహ గారు డబ్బు ఇచ్చి, పంకాని పాతచీరల్లో మళ్ళీ చుట్టించే పనిలో పడ్డారు. సువార్తమ్మ లేచి వచ్చి కాగితం వైపు వంగి చూసింది. ఆవిడకి చదువు రాదు.

"ఏం రాశాడు సాయిబు గారూ?"

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టారు. గ్లాసు ఖాళీ అయింది.

"ఖాళీ కాటా చూపించాడమ్మా."

సువార్తమ్మ పానకాలుని ఒకసారి చూసింది. కొంగు బిగించుకుంది.

"ఎత్తండి," అంది.